ఒక ఆధార్ ఫోటో, తొమ్మిది కాపీలు

చాలా జిరాక్స్ షాపుల్లో గోడ మీద ఒక ఫోన్ నంబరు పెద్దగా అతికించి ఉంటుంది. ప్రింటు కావాలంటే ఆ నంబరుకు వాట్సాప్ చేయాలి. వచ్చినవాళ్లు ఆధార్ కార్డును ముందూ వెనకా ఫోటో తీసి పంపుతారు, ప్రింటు చేతికి రాగానే చిల్లర ఇచ్చి వెళ్లిపోతారు. ఆ చాట్ మొదటిసారి తెరిచినప్పుడు పైన తాళం బొమ్మ పక్కన ఒక చిన్న వాక్యం ఉంటుంది. మెసేజులకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉందని, ఈ చాట్‌లో ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ వీటిని చదవలేరని దాని సారాంశం. అది నిజమే, ప్రచారం కోసం రాసింది కాదు. కాకపోతే 'ఈ చాట్‌లో ఉన్నవాళ్లు తప్ప' అన్న ముక్క దగ్గర ఎవరూ ఆగరు. ఇక్కడ చాట్‌లో ఉన్న రెండో మనిషి షాపాయన. ఆయన ఫోను, ఆ ఫోనుకు కలిపిన కంప్యూటరు, ఆయన గూగుల్ ఖాతా కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

ముందు తాళం సంగతి చూద్దాం. వాట్సాప్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ 2016 ఏప్రిల్‌లో పూర్తిగా అమల్లోకి వచ్చింది. లోపల నడిచేది సిగ్నల్ ప్రోటోకాల్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి. మాక్సీ మార్లిన్‌స్పైక్, ట్రెవర్ పెర్రిన్ దాన్ని రూపొందించారు. ఆ పద్ధతి వివరాలు బహిరంగంగానే ఉన్నాయి. తప్పు పట్టగలిగితే పట్టమని ప్రపంచం ముందు పెట్టారు, క్రిప్టోగ్రఫీ పరిశోధకులు ఏళ్లుగా దాన్ని జల్లెడ పడుతూనే ఉన్నారు.

యాప్ పెట్టుకోగానే ప్రతి ఫోనూ రెండు రకాల కీలు, అంటే తాళంచెవుల్లా పనిచేసే పెద్ద సంఖ్యలు, తయారుచేసుకుంటుంది. ఒకటి అందరికీ ఇవ్వదగ్గది, దాన్ని సర్వరుకు పంపుతుంది. రెండోది రహస్యం, అది ఫోను దాటదు. తన రహస్య కీని, అవతలివారి బహిరంగ కీని కలిపి లెక్కేస్తే రెండు ఫోన్లలోనూ ఒకే సంఖ్య వస్తుంది. ఆ సంఖ్య దారిలో ఎక్కడా ప్రయాణించదు కాబట్టి మధ్యలో కాపు కాసినవాడికి దొరకదు. దాని నుంచి ఒక్కో మెసేజికి ఒక్కో కొత్త కీ పుడుతుంది. ఒక కీ నుంచి తర్వాతి కీ తీసే లెక్క పిండిమర లాంటిది: గింజలు పోస్తే పిండి వస్తుంది, పిండి పోస్తే గింజలు రావు. అందుకే ఇవాళ్టి కీ ఎవరికైనా చిక్కినా నిన్నటి మెసేజులు తెరుచుకోవు. అవతలి మనిషి జవాబిచ్చిన ప్రతిసారీ మరలో కొత్త గింజలు కలుస్తాయి కాబట్టి, ఆ దొంగిలించిన కీ రేపటికి పనికిరాకుండా పోతుంది.

ఫోటోకి ఇంకో అంచె ఉంది. పంపే ఫోనే అప్పటికప్పుడు 256 బిట్ల కీ ఒకటి తయారుచేసి ఫోటోను దానితో బంధిస్తుంది. బంధించిన ముద్ద సర్వరుకు వెళుతుంది. కీ మాత్రం మెసేజి లోపల కూర్చుని, ఆ మెసేజితో పాటు ఇంకోసారి ఎన్‌క్రిప్ట్ అయి అవతలి ఫోనుకు చేరుతుంది. అవతలి ఫోను ఆఫ్‌లో ఉంటే మెసేజి 30 రోజుల దాకా సర్వరులో ఎదురుచూస్తుంది. ఆ ముద్దను కంపెనీ ఉద్యోగి చూసినా, దొంగ చూసినా కనిపించేది అర్థం లేని అంకెల కుప్పే.

అయితే సర్వరు పూర్తిగా గుడ్డిది కాదు. ఏ నంబరు నుంచి ఏ నంబరుకు, ఎన్ని గంటలకు, సుమారు ఎంత సైజు ఫైలు వెళ్లిందో దానికి తెలియకుండా మెసేజి చేరవేయడం కుదరదు. ఉత్తరం లోపల ఏముందో తెలియకపోయినా కవరు మీది చిరునామాలు పోస్ట్‌మ్యాన్‌కు తెలిసినట్టే. ఆ సమాచారాన్ని ఎంతకాలం దాచుకుంటారు అన్నది ఒక్కో కంపెనీ విధానాన్ని బట్టి ఉంటుంది. 2016లో అమెరికాలో ఒక గ్రాండ్ జ్యూరీ సమన్లు పంపితే సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ సంస్థ ఇవ్వగలిగింది రెండే రెండు వివరాలు: ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిగా ఎప్పుడు కనెక్ట్ అయ్యారు. దాచుకోలేదు కాబట్టి ఇవ్వడానికి ఇంకేమీ లేదు. అదే టెలిగ్రామ్‌లో మామూలు చాట్లకు, గ్రూపులకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షనే లేదు, విడిగా 'సీక్రెట్ చాట్' తెరిస్తేనే ఉంటుంది. టెలిగ్రామ్ అంటే భద్రమైన యాప్ అన్న పేరు ఎలా వచ్చిందో గానీ, ఈ ఒక్క విషయంలో ఆ పేరుకు తగ్గ పని అక్కడ లేదు.

కాపీల లెక్క

దారి గట్టిదే. దారికి రెండు చివర్లా ఏం మిగులుతుందో ఆ ఆధార్ ఫోటోతోనే చూద్దాం. ఆండ్రాయిడ్ ఫోన్ అనుకుందాం.

పంపినవారి ఫోన్‌లో మామూలు కెమెరాతో తీసిన ఫోటో గ్యాలరీలో ఉంటుంది. అది మొదటి కాపీ. గూగుల్ ఫోటోస్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే వైఫై తగలగానే క్లౌడ్‌కు వెళ్లేది రెండోది. వాట్సాప్ తన ఫోల్డరులో 'వాట్సాప్ ఇమేజెస్' లోపల 'సెంట్' అనే ఉపఫోల్డరు పెట్టుకుని పంపిన ఫోటోల కుదించిన ప్రతుల్ని దాచుతుంది. గ్యాలరీలో ఫోటో తీసేసినా ఇది పోదు, ఇది మూడోది. రోజూ తెల్లవారుజామున గూగుల్ ఖాతాలోకి వెళ్లే చాట్ బ్యాకప్‌లో ఉండేది నాలుగోది.

ఇక షాపాయన వైపు. ఫోటోలు ఆటోమేటిక్‌గా డౌన్‌లోడ్ అయ్యేలా ఉంటే ఆయన ఫోన్‌లోని వాట్సాప్ ఇమేజెస్ ఫోల్డరులో ఐదో కాపీ పడుతుంది. ఆ ఫోల్డరును కూడా బ్యాకప్ చేయమని గూగుల్ ఫోటోస్‌కు ఎప్పుడో ఒప్పుకుని ఉంటే ఆరోది. ఆయన చాట్ బ్యాకప్‌లో ఏడోది. ప్రింటు తీసేది ఫోను నుంచి కాదు, వాట్సాప్ వెబ్ తెరిచి ఉన్న కంప్యూటరు నుంచి. దాని డౌన్‌లోడ్స్ ఫోల్డరులో ఎనిమిదోది. కార్డు రెండు వైపులూ ఒకే పేజీలో రావాలి కదా, అందుకు ఫోటోషాప్‌లో పక్కపక్కన పెట్టి సేవ్ చేసిన ఫైలు తొమ్మిదోది. ప్రింటరు పెద్ద డిజిటల్ కాపియర్ అయితే దానికీ లోపల హార్డ్‌డిస్క్ ఉండొచ్చు, దాన్ని లెక్కలో వేయలేదు.

ఈ తొమ్మిదింటిలో ఒక్కదాన్ని కూడా మెసేజి ఎన్‌క్రిప్షన్ కాపాడదు. ఇది ఎన్‌క్రిప్షన్ లోపం కాదు, దాని పని దారిలో కాపలా కాయడమే. షాపాయన చెడ్డవాడు కానక్కర్లేదు కూడా. ఆయన కంప్యూటరుకు యాంటీవైరస్ లేకపోయినా, పాత కంప్యూటరు అమ్మేసేటప్పుడు హార్డ్‌డిస్క్ తుడవకపోయినా చాలు.

'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' నొక్కితే అన్నీ పోతాయనుకోవడం మామూలు పొరపాటు. దానికి గడువు రెండు రోజుల పన్నెండు గంటలు. గడువులో నొక్కినా అది చాట్‌లోని ప్రతికే వర్తిస్తుంది. ఆరో కాపీ, ఎనిమిదో కాపీ, తొమ్మిదో కాపీ దాని మాట వినవు. ఐఫోన్‌లో అవతలివారి ఫోటోస్ యాప్‌లో అప్పటికే సేవ్ అయిన ఫోటో అక్కడే ఉండిపోవచ్చని వాట్సాప్ తన సహాయ పేజీలోనే చెబుతుంది. డిసప్పియరింగ్ మెసేజిలదీ అదే కథ. 24 గంటలు పెట్టినా, 7 రోజులు పెట్టినా, 90 రోజులు పెట్టినా చాట్‌లోంచి మాయమవుతుంది తప్ప డౌన్‌లోడ్ చేసుకున్న ఫైలు జోలికి వెళ్లదు. 'వ్యూ వన్స్' కాస్త నయం: గ్యాలరీలో పడదు, ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీయనివ్వదు. కానీ అలా వచ్చినదాన్ని ప్రింటు తీయడం కుదరదు కాబట్టి జిరాక్స్ షాపులో దానికి పనిలేదు.

బ్యాకప్ అనే వెనక తలుపు

నాలుగో కాపీ, ఏడో కాపీ గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే సరిచేసుకోవడం తేలిక, చేసుకునేవాళ్లు తక్కువ. చాట్ ఎన్‌క్రిప్ట్ అయింది కదా అని గూగుల్ ఖాతాలోకి వెళ్లే బ్యాకప్ కూడా అలాగే ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. 2021 అక్టోబరులో వాట్సాప్ బ్యాకప్‌కు కూడా ఎండ్ టు ఎండ్ రక్షణ తెచ్చింది గానీ, దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్, దాని అడుగున 'ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్'. అక్కడ పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, లేదా యాప్ ఇచ్చే 64 అంకెల కీ రాసి పెట్టుకోవచ్చు. కీ ఎంచుకుంటే ఆ కాగితమే ఆధారం. ఆ కీని స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో దాచడం అంటే ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు మూసినట్టు. ఫోను పోయిన రోజున రెండూ పోతాయి.

పాస్‌వర్డ్ ఎంచుకుంటే అసలు కీ ఒక హార్డ్‌వేర్ ఖజానాలో ఉంటుంది. తప్పు పాస్‌వర్డ్ కొన్నిసార్లు కొట్టగానే ఆ ఖజానా శాశ్వతంగా మూసుకుపోతుంది. అందువల్ల దొంగ లక్ష పాస్‌వర్డ్‌లు ప్రయత్నించడం కుదరదు, మరిచిపోయిన యజమానికీ కుదరదు. పాత ఫోన్‌లో వాట్సాప్ ఇంకా నడుస్తుంటే లోపలికి వెళ్లి మార్చుకోవచ్చు. ఫోనూ పోయి, పాస్‌వర్డూ మరిచిపోతే పాత చాట్లు పోయినట్టే, కస్టమర్ కేర్‌కు మొరపెట్టుకున్నా లాభం లేదు. నిజమైన ఎన్‌క్రిప్షన్‌కు ఇది గుర్తు. 'మరిచిపోయారా, మేం తెరిచి ఇస్తాం' అని ఎవరైనా అంటే ఆ కీ వాళ్ల దగ్గర కూడా ఉందని అర్థం.

ఇంతా చేసి మన బ్యాకప్‌కు తాళం వేసినా షాపాయన బ్యాకప్‌కు వేయలేం.

వాట్సాప్ వెబ్ సంగతి ఇంకోటి. షాపు నంబరుకు పంపడం ఇష్టంలేక కొందరు తమ వాట్సాప్‌నే షాపు కంప్యూటరులో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి తెరుస్తారు. ఇది మొదటి పద్ధతి కంటే ప్రమాదం. ఒక ఖాతాకు నాలుగు అదనపు పరికరాలు కలపొచ్చు. కలిపిన ప్రతి పరికరానికీ దాని సొంత కీలు ఉంటాయి, పంపేవారి ఫోను ప్రతి మెసేజినీ వాటన్నిటికీ విడివిడిగా ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది. అంటే లాగవుట్ చేయకుండా వచ్చేస్తే షాపు కంప్యూటరు కూడా ఆ ఖాతాకు అధికారిక సభ్యుడే. మీ ఫోను ఆఫ్‌లో ఉన్నా అక్కడ మెసేజులు వస్తూనే ఉంటాయి, పాత చాట్లు కూడా అక్కడికి చేరతాయి. ఫోన్‌లో 'లింక్డ్ డివైజెస్' తెరిచి తెలియని పేరు కనిపిస్తే అక్కడికక్కడే లాగవుట్ చేయాలి. ఫోన్ నంబరుతో కలిపే పద్ధతిలో వచ్చే ఎనిమిది అక్షరాల కోడ్ కూడా ఇంతే పని చేస్తుంది. ఎవరైనా ఫోన్ చేసి, ఏదో వెరిఫికేషన్ అని చెప్పి ఆ కోడ్‌ను వాట్సాప్‌లో కొట్టమంటే, వాళ్ల కంప్యూటరును మీ ఖాతాకు మీ చేత్తోనే కలిపించుకుంటున్నారన్నమాట.

అందరికీ తెలిసిన పాస్‌వర్డ్

ఫోటో బదులు ఆధార్ వెబ్‌సైట్ నుంచి దించుకున్న ఈ-ఆధార్ పీడీఎఫ్ పంపేవాళ్లు ఉన్నారు. దానికి పాస్‌వర్డ్ ఉంటుంది కాబట్టి భద్రం అనిపిస్తుంది. ఆ పాస్‌వర్డ్ సూత్రం బహిరంగ రహస్యం కూడా కాదు, బహిరంగమే: పేరులోని మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, వాటి పక్కన పుట్టిన సంవత్సరం. పేరు సురేష్ కుమార్, పుట్టింది 1990 అయితే ఎస్, యు, ఆర్, ఇ, ఆ పక్కన 1990. ఫైలు పంపిన నంబరుకు వాట్సాప్‌లో పేరు కనిపిస్తూనే ఉంటుంది. ఇక తెలియాల్సింది సంవత్సరం ఒక్కటే. బతికున్న మనుషుల వయసులన్నీ లెక్కేసినా నూటికి కాస్త అటూ ఇటూ ప్రయత్నాలు, మామూలు కంప్యూటరుకు అది క్షణం పని. పైగా షాపులో ఆ లెక్క కూడా అవసరం లేదు. ప్రింటు తీయాలంటే తెరవాలి, తెరవాలంటే పాస్‌వర్డ్ కావాలి, అది ఎలాగూ ఫైలు కిందే తర్వాతి మెసేజిగా వస్తుంది. తాళం, తాళంచెవి ఒకే సంచిలో.

ఇక్కడ ఎన్‌క్రిప్షన్ గణితం బలహీనం కాదు, కీ ఎంపిక బలహీనం. పుట్టినతేదీని పాస్‌వర్డ్‌గా పెట్టి ఈమెయిల్‌లో వచ్చే బ్యాంకు స్టేట్‌మెంట్లదీ ఇదే జబ్బు.

ఈ కాపీలు ఎవరి చేతిలోనైనా పడితే నష్టమేంటి అన్న ప్రశ్నకు తెలంగాణలోనే జవాబుంది. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ డీలర్ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూమి దస్తావేజులు దించుకుని, వాటిమీది వేలిముద్రల్ని రబ్బరు ముద్రలుగా తయారుచేసి, ఆ దస్తావేజుల్లోనే ఉన్న ఆధార్ నంబర్లతో సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడని పోలీసులు బయటపెట్టారు. అతను ఏ ఎన్‌క్రిప్షన్‌నీ ఛేదించలేదు, ఏ సర్వరులోకీ చొరబడలేదు. నంబరు, వేలిముద్ర ఒకే కాగితం మీద దొరికాయి, అంతే. ఆధార్ వెబ్‌సైట్లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకుంటే మనం తాత్కాలికంగా తెరిచేదాకా వేలిముద్రతో జరిగే ధ్రువీకరణ ఏదీ సాగదు. ఆధార్‌తో డబ్బు తీసే మైక్రో ఏటీఎం దగ్గరకు నెలకోసారి వెళ్లేవాళ్లకు ఇది కాస్త ఇబ్బందే, మిగతావాళ్లకు అడ్డేమీ లేదు.

తాళం పగలగొట్టమనే వాదన

మన దేశంలో ఎన్‌క్రిప్షన్ మీద చర్చ అంతా ఇంకో వైపు నడుస్తోంది. 2021 ఫిబ్రవరి 25న వచ్చిన ఐటీ నిబంధనల్లో 4(2) ప్రకారం, 50 లక్షలకు పైగా నమోదిత వినియోగదారులున్న మెసేజింగ్ సేవలు కోర్టు ఆదేశం ఉంటే, లేదా ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద ఆదేశం వస్తే, ఒక మెసేజిని మొట్టమొదట పంపినవారు ఎవరో చెప్పగలగాలి. వాట్సాప్ ఆ ఏడాది మే నెలలోనే ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఎన్‌క్రిప్షన్‌ను తీసేయమంటే దేశం విడిచి వెళ్లిపోతామని 2024 ఏప్రిల్‌లో దాని న్యాయవాది కోర్టులో అన్నారు. అంతకుముందే, 2019లో మద్రాసు హైకోర్టులో నడిచిన కేసులో ఐఐటీ మద్రాసు ప్రొఫెసర్ వి. కామకోటి, ప్రతి మెసేజికీ దాన్ని మొదట పంపినవారి గుర్తును తగిలించవచ్చని ప్రతిపాదించారు. ఆ గుర్తును నకిలీ చేసి అమాయకుడి మీదకు నేరం తోసేయవచ్చని ఐఐటీ బొంబాయి ప్రొఫెసర్ మనోజ్ ప్రభాకరన్ అభ్యంతరం రాశారు. ఆ అభ్యంతరం బరువైనదే. ఎక్కడో చూసిన పుకారును ఒక అక్షరం మార్చి మళ్లీ టైప్ చేసినవాడు యంత్రం దృష్టిలో కొత్త 'మొదటివాడు' అవుతాడు. ఎవరో ఒకరిని పట్టుకోవడానికి అందరి మెసేజుల ఆనవాళ్లూ దాచిపెట్టాల్సి వస్తుంది.

ఆచరణలో చాట్లు బయటపడేది తాళం పగిలి కాదు. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో పోలీసులు రోడ్డు మీద బండ్లు ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి లాంటి మాటల కోసం వెతుకుతున్న వీడియోలు వచ్చాయి. తెరిచిన ఫోను చేతికిచ్చాక 256 బిట్లయినా ఒకటే, ఏ బిట్లూ లేకపోయినా ఒకటే. 2019లో పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ వాట్సాప్ కాల్‌లోని లోపం గుండా సుమారు 1,400 ఫోన్లలోకి దూరింది. అదీ దారిలో ఏమీ చదవలేదు, ఫోన్‌లో కూర్చుని తెర మీదిదే చదివింది.

పంపక తప్పనప్పుడు

మొదట చూడాల్సింది ఆధార్ నిజంగా కావాలా అని. చిరునామా రుజువుకు ఇంకో పత్రం చాలే చోట అదే ఇవ్వడం మేలు. ఆధారే కావాలంటే మాస్క్‌డ్ ఆధార్ దించుకోవాలి. డౌన్‌లోడ్ పేజీలో 'మాస్క్‌డ్' అన్న గడిలో టిక్ పెడితే మొదటి ఎనిమిది అంకెల చోట గుర్తులు వచ్చి, చివరి నాలుగే కనిపిస్తాయి. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం మాస్క్‌డ్ కాపీనే వాడమని, నెట్ సెంటరులో దించుకుంటే ప్రతులన్నీ శాశ్వతంగా తుడిచేయమని ప్రకటన ఇచ్చింది. జనం తప్పుగా అర్థం చేసుకుంటారంటూ కేంద్రం రెండు రోజులకే దాన్ని ఉపసంహరించింది. ప్రకటన వెనక్కి వెళ్లినా అందులోని సలహా మంచిదే, మాస్క్‌డ్ ఆధార్ సదుపాయమూ అలాగే ఉంది. కొన్ని ఆఫీసుల్లో పూర్తి నంబరే కావాలని పట్టుబడతారు. అప్పుడు ఫోటో మీద అడ్డంగా 'ఫలానా అద్దె ఒప్పందానికి మాత్రమే' అని, తేదీతో సహా, కార్డు అక్షరాల మీదుగా రాసి పంపాలి. అంచున రాస్తే కత్తిరించేస్తారు.

ప్రింటు కోసమే అయితే షాపులో నిలబడి ఉండగానే పంపాలి. ప్రింటు అయ్యాక ఫోన్‌లో 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' నొక్కి, కంప్యూటరులో డౌన్‌లోడ్స్‌లోదీ, ఫోటోషాప్ ఫైలూ తీసేయమని, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయమని షాపాయన్ని అడగాలి. అడగడానికి మొహమాటపడతారు గానీ, తెర మనవైపు తిప్పి తీసేసి చూపించే షాపులు లేకపోలేదు.

ఇంటికొచ్చాక మన ఫోన్‌లోవి తీసేయాలి: గ్యాలరీలో ఒకటి, వాట్సాప్ సెంట్ ఫోల్డరులో ఒకటి. గూగుల్ ఫోటోస్‌లో తీసేసిన ఫోటో ట్రాష్‌లోకి వెళ్లి, బ్యాకప్ అయినదైతే 60 రోజులు అక్కడే ఉంటుంది. ట్రాష్ తెరిచి అక్కడ కూడా ఒకసారి డిలీట్ నొక్కాలి.